మన చేను పంట మన స్టోరులోకి రావాలి

(ప్రపంచ ఆహార దినం సందర్భంగా 2025 అక్టోబర్ 16న అనంతపురంలో రైతులు, ఉపాధి కూలీలు, అంగన్‌వాడీ సిబ్బంది, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అక్కలారా, అన్నలారా, పెద్దలారా, అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్ళున్నారు, నిలబడొద్దు.

నన్ను ఆకలి గురించి మాట్లాడమన్నారు. అయితే ముందు నేనే మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ ఊళ్ళో పస్తు పడుకునే ఇల్లు ఉందా? చాలామంది లేదంటున్నారు. సంతోషం. రేషన్ స్టోరు బియ్యం వస్తోంది, పొయ్యి వెలుగుతోంది. సరే, ఇంకోటి అడుగుతాను. ఈ వారంలో మీ ఇంట్లో కందిపప్పు ఎన్నిసార్లు వండారు? చారు కాదమ్మా, పప్పు. ముందు వరసలో ఉన్న అక్కలకు మరో ప్రశ్న. గుడ్డు ఎప్పుడు తిన్నారు? పిల్లలకు పెట్టింది కాదు, మీరు తిన్నది. చూడండి, ఇప్పుడు జవాబులు రావడం లేదు.

నేను మాట్లాడబోయేది ఈ ఆకలి గురించే. అన్నం తిన్నా తీరని ఆకలి గురించి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. చిన్నపిల్లల్లో 63.2 శాతం. అంతకు ముందు సర్వేలో పిల్లల లెక్క 58.6. అంటే తగ్గలేదు, పెరిగింది. వయసుకు తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు 31.2 శాతం. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. ఇంటింటికీ బియ్యం అందుతున్న రాష్ట్రంలో ఇది జరుగుతోంది. మరి ఎందుకు జరుగుతోంది? వానలు లేవు కాబట్టి అనేసి తప్పుకుందామా? అనంతపురం అనగానే అందరూ అదే అంటారు. వాన లేదు, నేల మంచిది కాదు, మీ ఖర్మ. ఈ మాట నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోవద్దు. వాన మన చేతిలో లేదు. కానీ ఎవరికి ఎంత తిండి అందాలి, ఏ తిండి అందాలి అన్నది వాన తేల్చే విషయం కాదు. దాన్ని ప్రభుత్వాలు తేలుస్తాయి. ఎప్పుడూ ప్రభుత్వాలే తేల్చాయి.

కొంచెం వెనక్కి వెళ్దాం. ధాత కరువు గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పగా విన్నారా? 1876 నుంచి 78 దాకా నడిచింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్ళారిలోనే ఉండేది. 1882లో విడిపోయింది. ఆ కరువులో మద్రాసు రాష్ట్రం మొత్తం మీద లక్షలమంది చచ్చిపోయారు. అప్పుడు వాన పడలేదు, నిజమే. కానీ అదే ఏళ్ళలో ఈ దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి బయటికి పోయింది. ఇంకో సంగతి వినండి. కరువు పనులకు వచ్చే కూలీలకు ఎంత తిండి ఇవ్వాలో చూడమని సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపారు. ఆయన వచ్చి కూలి తగ్గించాడు. మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే 450 గ్రాములు. రాళ్ళు కొట్టే మనిషికి, మట్టి మోసే మనిషికి! మద్రాసులో ఆరోగ్య శాఖ చూసే డాక్టరు కార్నిష్ అని ఒకాయన ఉండేవాడు, ఈ తిండితో మనిషి పని చేయలేడు అని ఆయన గట్టిగా వాదించాడు. చివరికి ఆ కూలి లెక్క మార్చక తప్పలేదు. కానీ అప్పటికే ఎంతమంది పోయారో!

ఎందుకు చెబుతున్నానంటే, ఆ జనం ప్రాణాలు ఒక కాగితం మీద రాసిన అంకెలో ఉన్నాయి. పౌనా, పౌనున్నరా? ఆ అంకె రాసింది వరుణదేవుడు కాదు కదా.

అదే కాలంలో మన సీమలో పెద్ద మనసున్నవాళ్ళు లేరా? ఉన్నారు. 1866 కరువులో ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారు తన ఇంటి ధాన్యంతో వేలమందికి గంజి పోయించారు. ఆయన పేరు చెబితే ఈ రోజుకీ కర్నూలు, నంద్యాల పల్లెల్లో చేతులెత్తి మొక్కుతారు. మొక్కాల్సిందే. కానీ ఒక్కటి ఆలోచించండి. వెంగళరెడ్డి గారు లేని ఊళ్ళ సంగతి ఏమిటి? ఆయన ధాన్యం అయిపోయాక ఏమిటి? మంచి మనిషి ఉన్నచోట బతికి, లేనిచోట చావడం ఒక పద్ధతి కాదు. అందుకే చట్టం కావాలి.

చట్టాల దాకా రావడానికి మనకు చాలా ఏళ్ళు పట్టింది. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. అది సీమలో ఎన్ని ఇళ్ళను నిలబెట్టిందో ఇక్కడున్న పెద్దవాళ్ళకు తెలుసు. 2001లో గోదాముల్లో ధాన్యం పేరుకుపోయి, కరువు ప్రాంతాల్లో జనం పస్తులుంటే పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ కేసులో 2001 నవంబర్ 28న వచ్చిన ఉత్తర్వు వల్లే దేశమంతా బడుల్లో వండిన భోజనం మొదలైంది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి. ఆ తర్వాత 2006 ఫిబ్రవరి 2. ఆ తేదీ మీకు గుర్తుందా? గుర్తుండాలి. ఉపాధి హామీ పథకాన్ని ఈ దేశంలో మొట్టమొదట మొదలుపెట్టింది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధాని మన్మోహన్ సింగ్ గారు, సోనియా గాంధీ గారు ఆ ఊరికి వచ్చారు. ఢిల్లీలో రాసిన చట్టం మన ఎర్రమట్టి మీద మొదలైంది. ఆ గౌరవం మనకు ఊరికే ఇవ్వలేదు. దేశంలో కరువు అంటే గుర్తొచ్చే జిల్లా ఇది కాబట్టి ఇచ్చారు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. పల్లెల్లో 75 శాతం మంది వరకు, మనిషికి నెలకు 5 కిలోలు. అతి పేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు ఇంటికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి అది ఉచితం.

ఇదంతా గెలుపే. నేను కాదనను. కానీ మనిషికి నెలకు 5 కిలోలు అంటే రోజుకు ఎంత? లెక్క వేయండి. 166 గ్రాములు. ధాత కరువు పౌనుతో దీన్ని పోల్చడం పూర్తిగా సరికాదు, అప్పుడు మనిషి దానితోనే బతకాలి, ఇప్పుడు ఇది సాయం మాత్రమే. అయినా ఒక పూట అన్నమే అది. మిగతా పూటకు, పప్పుకు, నూనెకు, కూరకు, పాలకు కూలి డబ్బు కావాలి. ఇక ఆ 166 గ్రాములు కూడా ఏమిటి? బియ్యం. ఒక్క బియ్యమే.

ఇక్కడికే వద్దామనుకున్నాను.

సంగటి ఎక్కడికి పోయింది?

మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఈ వానతో వరి పండదు. మన తాతలకు ఆ సంగతి తెలుసు. వాళ్ళు ఏం వేసేవాళ్ళు? కొర్ర, సజ్జ, జొన్న, రాగి. సాళ్ళ మధ్యలో కంది, అలసంద, అనుములు. గట్టు పొలంలో ఉలవ. ఒకటి పోతే ఒకటి వచ్చేది. ఇంట్లో సంగటి, ఊరుబిండి, అనపకాయల పులుసు. ఆ కాలం అంతా బంగారం అని నేను చెప్పడం లేదు. ఆ కాలంలోనూ ఆకలి ఉంది, దారుణంగా ఉంది. కానీ చేను, కంచం ఒకదానికొకటి తెలిసి ఉండేవి.

తర్వాత చెనిక్కాయ, అంటే వేరుశెనగ వచ్చింది. వానకు తట్టుకుంటుంది, నూనెకు ధర ఉంది, అప్పు ఇచ్చేవాడూ దానికే ఇస్తాడు, బీమా కూడా దానికే. లక్షల ఎకరాలు ఒకే పంట అయిపోయింది. పంట వస్తే డబ్బు, రాకపోతే అప్పు. తినడానికి ఇంట్లో గింజ ఉండదు. తిండికి స్టోరు ఉంది కదా, అక్కడ బియ్యం ఉన్నాయి కదా. రైతును నేను తప్పుపట్టను. ఏ పంటకు కొనేవాడు ఉంటే ఆ పంటే వేస్తాడు. ఎవరైనా అంతే.

మరి కొర్ర ఎవరు కొంటారు? ఈ ప్రశ్న మీరంతా గట్టిగా అడగాలి. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో రాగి ఉంది, ఈ ఏడాది క్వింటాలుకు 4,886 రూపాయలు. జొన్న ఉంది, 3,699. సజ్జ ఉంది, 2,775. కొర్ర లేదు. మన సీమ పంట, నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి సూర్యనంది లాంటి మంచి రకం వచ్చిన పంట, దానికి మద్దతు ధరే లేదు. ఉన్నవాటికి మాత్రం ఏం జరుగుతోంది? కొనుగోలు కేంద్రం లేనిచోట మద్దతు ధర కాగితం మీద ఉంటుంది, సంతలో ఉండదు. నాలుగు మూటల రాగులు పండించిన రైతు అవి ఎక్కడికి తీసుకుపోవాలి? వ్యాపారి చెప్పిన రేటుకే ఇస్తాడు. మరుసటి ఏడు మళ్ళీ చెనిక్కాయే వేస్తాడు.

2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. సభలు పెట్టారు, స్టాళ్ళు పెట్టారు, పట్నాల్లో కొర్రల బిర్యానీలు అమ్మారు. మంచిదే. కానీ కిలో కొర్ర బియ్యం వంద రూపాయలు పెట్టి పట్నంవాళ్ళు షుగరు కోసం కొంటున్నారు. పండించిన ఇంట్లో బాలింత స్టోరు బియ్యం తింటోంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. సజ్జల్లో ఇనుము బియ్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రక్తం తక్కువైన జిల్లాలో, ఇనుమున్న గింజ పండే నేల మీద, ఆ గింజ మాత్రం స్టోరులో లేదు. ఇంతకంటే ఏం చెప్పాలి?

ఇది అయ్యే పని కాదు అంటారా? మడకశిర నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మీ పక్కనే పావగడ. సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ ప్రభుత్వం రైతుల దగ్గర రాగులు మద్దతు ధరకు పెద్ద ఎత్తున కొంటుంది. దక్షిణ జిల్లాల్లో రాగులు, ఉత్తర జిల్లాల్లో జొన్నలు రేషన్‌లో ఇస్తుంది. ఒడిశాలో 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ పెట్టి గిరిజన రైతుల రాగులు కొని రేషన్‌లోకి తెచ్చారు. తమిళనాడులో కార్డున్న ప్రతి ఇంటికీ కందిపప్పు, పామాయిల్ తక్కువ ధరకు అందుతాయి. మన చట్టంలో కూడా ఆహార ధాన్యాలు అంటే బియ్యం, గోధుమలు, ముతక ధాన్యాలు అని స్పష్టంగా ఉంది. చట్టం అడ్డు కాదు. మన దగ్గర కూడా 2023లో సీమ జిల్లాల్లో బియ్యం కొంత తగ్గించి రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. అది ప్రతి నెలా, ప్రతి స్టోరులో నమ్మకంగా దొరికే సరుకుగా మాత్రం నిలబడలేదు. ఎందుకు నిలబడలేదు? కొనుగోలు నుంచి మొదలుపెట్టలేదు కాబట్టి. ముందు మండలంలో కొనాలి. ఇక్కడే మిల్లు పట్టాలి. ఇక్కడి స్టోరుకు, ఇక్కడి బడికి, ఇక్కడి అంగన్‌వాడీకి పోవాలి. బడిలో పిల్లలకు రాగిజావ ఇస్తున్నారు కదా. ఆ రాగులు ఎక్కడివి? మన మండలంలో పండినవి అందులో ఎన్ని మూటలు? మీ బడి హెడ్మాస్టరును అడగండి, మండల విద్యాధికారిని (ఎంఈఓ) అడగండి.

నా డిమాండ్ ఒకే మాటలో చెబుతాను. సీమ జిల్లాల్లో రాగి, జొన్న, సజ్జ, కొర్ర, కంది ప్రభుత్వం మద్దతు ధరకు కొనాలి, కొర్రకు రాష్ట్రమే ధర ప్రకటించాలి, ఆ సరుకును స్టోరులో పెట్టాలి. బియ్యం కోసి ఇవ్వడం కాదు, బియ్యం పైన ఇవ్వాలి. అదనంగా. ఇది మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే ప్రతిసారీ ఇక్కడే మోసపోతున్నాం. రెండు కిలోల రాగులు ఇచ్చి రెండు కిలోల బియ్యం తీసేస్తే గింజ మారుతుంది, కంచంలో తిండి మాత్రం పెరగదు.

డబ్బులెక్కడివి అంటారు. ధాన్యం ఎక్కడిది అంటారు. 2024-25లో కేంద్రం భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లోని బియ్యంలో 52 లక్షల టన్నులను ఇథనాల్ తయారీకి కేటాయించింది. ఇథనాల్ అంటే పెట్రోలులో కలిపేది. కిలో 22 రూపాయల 50 పైసలకు. బండ్లకు పోయడానికి బియ్యం మిగిలిన దేశంలో మనిషికి అదనంగా రెండు కిలోల గింజలు ఇవ్వలేమా?

ఇంకో మాట కూడా అంటారు. జనం స్టోరు బియ్యం అమ్ముకుంటున్నారు, ఇంకా ఎందుకివ్వాలి అని. అవును, కొందరు అమ్ముకుంటున్నారు. ఆ బియ్యం బ్యాగులు లారీలెక్కి ఎక్కడికో పోతున్నాయి. దాని మీద కేసులు పెట్టాలి, లారీ నడిపినవాడి మీదా, వెనకున్నవాడి మీదా. కానీ నాలుగు కిలోలు అమ్మిన అక్క ఏం కొన్నదో ఎవరైనా అడిగారా? నూనె ప్యాకెట్ కొన్నది. పిల్లకు మందులు కొన్నది. ఆమె దొంగతనం చేయలేదు, తన ఇంటికి ఏది తక్కువో అది తెచ్చుకుంది. స్టోరులోనే పప్పు, నూనె, రాగులు ఉంటే ఆ బియ్యం ఎందుకు అమ్ముతుంది?

కార్డు లేని ఇల్లు, రాని కూలి, సుగ్గికి పోయిన కుటుంబం

ఇక కార్డు సంగతి. రేషన్ కార్డుకు అర్హత ఏమిటి? మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు. కరెంటు 300 యూనిట్ల లోపు. కారు ఉండకూడదు. ఇంకా కొన్ని ఉన్నాయి. కోనసీమలో మూడెకరాల మాగాణి ఉన్నవాడి సంగతి వేరు. మరి కళ్యాణదుర్గంలో, రాయదుర్గంలో బోరు ఎండిన పన్నెండెకరాల ఎర్రనేల ఉన్నవాడు? పాస్‌బుక్కులో ఆయన పెద్ద రైతు. ఇంట్లో ఆయన కూతురు హిమోగ్లోబిన్ ఏడు. ఆ పన్నెండెకరాలూ అన్నదమ్ములు పంచుకోకుండా తండ్రి పేరు మీదే ఉంటే ముగ్గురు కొడుకుల ఇళ్ళకూ ఇబ్బందే. నీటి వసతి లేని మెట్టకు ఎకరాల పరిమితి కరువు జిల్లాల్లో తీసేయాలి. కరువు మండలంగా ప్రకటించిన చోట, ఆ ఏడాదికి, అడిగిన ప్రతి ఇంటికీ రేషన్ ఇవ్వాలి. ఇంకో పెద్ద లోపం ఉంది. దేశంలో ఎంతమందికి ఆహార చట్టం వర్తించాలన్నది ఇంకా 2011 జనాభా లెక్క మీదే నడుస్తోంది. పద్నాలుగేళ్ళు. ఆ లెక్క నాటికి పుట్టని పిల్లలు ఇప్పుడు హైస్కూలుకు వెళ్తున్నారు.

వేలిముద్ర గురించి చెప్పకుండా ఎలా? కలుపు తీసే చేతులు, రాళ్ళు మోసే చేతులు, ముసలి చేతులు. గీతలు అరిగిపోతాయి. మిషన్ ఒప్పుకోదు. రేపు రా అంటారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆధార్ సరిపోలలేదని ఎవరికీ రేషన్ ఆపకూడదని 2017 అక్టోబర్‌లో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. ఈ జూన్ నుంచి ఇంటింటికీ రేషన్ తెచ్చే బండ్లు ఆగి మళ్ళీ స్టోర్లు తెరిచారు కదా, 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, వికలాంగులకు ఇంటికే తెచ్చివ్వాలి. మీ వీధిలో తెస్తున్నారా లేదా, ఈ నెల మీరే చూడండి.

ఇప్పుడు ఉపాధి హామీ. ఈ ఏడాది మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. వారానికి ఆరు రోజులు చేస్తే 1,842. చట్టం ప్రకారం 15 రోజుల్లోపు ఖాతాలో పడాలి. పడకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ పరిహారం ఇవ్వాలి. ఎంతో తెలుసా? 0.05 శాతం. 1,842 రూపాయలకు అది రోజుకు 92 పైసలు. కిరాణా కొట్టులో మన అప్పుకు వడ్డీ అంతే ఉంటుందా? ఆ పైసలు కూడా అడిగితే తప్ప రావు. కూలి ఆలస్యమైన వారం ఇంట్లో ముందు ఏది ఆగిపోతుంది? పాలు ఆగిపోతాయి, కూరగాయలు ఆగిపోతాయి. ఆడవాళ్ళు తగ్గించుకుని తింటారు. అందుకే కూలి ఆలస్యం జమాఖర్చుల సమస్య అనుకోవద్దు, అది తిండి సమస్య. రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫోటో అప్‌లోడ్ కాలేదని, సిగ్నల్ లేదని చేసిన పనికి హాజరు (మస్టర్) పడకపోవడం కూడా తిండి సమస్యే. కరువు ప్రకటించిన మండలాల్లో వంద రోజుల పనికి మరో 50 రోజులు అదనంగా ఇచ్చే వీలుంది. అది మే నెలలో ఇస్తే ఉపయోగం, సంవత్సరం అయిపోయాక ఉత్తర్వు వస్తే ఏం లాభం?

పని లేకపోతే ఏం చేస్తారు? వలస. కర్నూలు వాళ్ళున్నారా ఇక్కడ? కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని చుట్టుపక్కల ఊళ్ళలో సుగ్గికి, అంటే కోతల కాలం వలసకు పోతారు. మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి గుంటూరు వైపు. పిల్లల్ని కూడా తీసుకుని పోతారు. కదిరి వైపు నుంచి బెంగళూరుకు, కేరళకు. ఇళ్ళకు తాళాలు, ముసలివాళ్ళు మాత్రం మిగులుతారు. కార్డు ఎక్కడున్నా రేషన్ ఎక్కడైనా తీసుకోవచ్చు. ఆ పద్ధతి దేశంలో మొదట ప్రయత్నించిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి, 2019 ఆగస్టులో తెలంగాణతో కలిసి మొదలైంది. రేషన్ పోతుంది సరే. అంగన్‌వాడీ కూడా వెంట పోతుందా? మిరప చేను గట్టు మీద డేరాలో ఉన్న గర్భిణికి పాలు, గుడ్డు ఎవరిస్తారు? ఆమె పేరు కోసిగి రిజిస్టరులో ఉంటుంది, మనిషి గుంటూరులో ఉంటుంది. ఏ నెలలో ఎంతమంది పోతారో, ఎక్కడికి పోతారో మన సచివాలయాలకు తెలుసు. ఆ జాబితా ముందే అవతలి జిల్లాకు పంపి, కళ్ళాల దగ్గర తాత్కాలిక అంగన్‌వాడీ పెట్టడం కష్టమైన పనా? కాదు. అది తమ పని అని ఎవరూ అనుకోకపోవడమే కష్టం. పిల్లల్ని ఊళ్ళోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్ళు సుగ్గి మొదలవ్వకముందే తెరవాలి. తల్లిదండ్రులు లారీ ఎక్కాక తెరిస్తే పిల్లలు లారీలోనే ఉంటారు.

ఆహార భద్రత చట్టంలో ఆడవాళ్ళకు సంబంధించి రెండు మాటలు ఉన్నాయి. ఇంటికి పెద్ద ఆడమనిషే, 18 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దామె పేరు మీదే కార్డు. ఇది బాగుంది. రెండోది, ప్రతి గర్భిణికి, బాలింతకు కనీసం 6,000 రూపాయలు. చట్టంలో ప్రతి గర్భిణికి అనే ఉంది, ప్రభుత్వ ఉద్యోగుల్లాంటి కొందరికి తప్ప. 2017లో తెచ్చిన మాతృ వందన పథకంలో మొదటి కాన్పుకు 5,000 చేశారు. రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే ఇస్తారు. చట్టం చేసిన పార్లమెంటు ఒకటి చెబితే పథకం ఇంకొకటి చేస్తోంది. 2013 నాటి 6,000కు ఈ రోజు విలువ ఎంత? దాన్ని పెంచమని అడగాల్సిన సమయంలో, రాసినంత ఇవ్వమని అడగాల్సి వస్తోంది.

బడి భోజనం గురించి ఒక్కటే చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరూ అడగడం లేదు. ఎండాకాలం సెలవుల్లో మన పిల్లలు ఏం తింటారు? ఏప్రిల్ చివర బడి మూస్తే జూన్ రెండో వారం దాకా గుడ్డు లేదు, జావ లేదు. సరిగ్గా పనులు లేని, నీళ్ళు లేని రోజులవి. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆ ఆహార హక్కు కేసులోనే చెప్పింది, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని. ఇరవై ఏళ్ళు దాటింది. మన మండలాలు కరువు జాబితాలోకి ఎన్నిసార్లు ఎక్కాయో మీకు తెలుసు. వచ్చే వేసవికి ఇది ఇప్పటి నుంచే అడగాలి, మార్చిలో అడిగితే సమయం ఉండదు. వండే అక్కల సంగతి కూడా దానిలోనే ఉంది. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. ప్రాథమిక బడి పిల్లవాడికి కేంద్రం లెక్కలో వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు. అందులో పప్పు, కూర, నూనె, పోపు, గ్యాసు. బిల్లు రావడానికి నెలలు పడితే కొట్టువాడి దగ్గర అప్పు పెట్టి మన పిల్లలకు అన్నం పెడుతున్నది ఆ అక్కలే. ప్రభుత్వ పథకానికి పేద ఆడవాళ్ళు అప్పు ఇవ్వడం ఏం న్యాయం?

ఎలా అడగాలి అని మీరు అడుగుతారు. నోటితో కాదు, కాగితం మీద. రేషన్ అందకపోతే ఆ రోజే అర్జీ రాయండి, రసీదు తీసుకోండి. ఇవ్వాల్సిన ధాన్యం ఇవ్వకపోతే దాని బదులు డబ్బు భత్యంగా ఇవ్వాలని ఆహార చట్టం ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. జిల్లాకు ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి, పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. స్టోరు స్థాయి నుంచి విజిలెన్స్ కమిటీలు ఉండాలి. మీ స్టోరుకు కమిటీ ఉందా? అందులో ఎవరున్నారు? పేర్లు మీకు తెలియకపోతే ఆ కమిటీ పని చేయడం లేదనే లెక్క. ఫోను చేయాలంటే 1967. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ఒక్కరు కాదు, ఊరంతా కలిసి ఒకే విషయం మీద పది అర్జీలు ఇవ్వండి.

సామాజిక తనిఖీ మనకు కొత్త కాదు. 2006లోనే మన జిల్లాలో ఊరూరా తిరిగి, ఉపాధి పనుల మస్టర్లు జనం ముందు చదివి వినిపించారు. రాని మనిషి పేరు మీద వేసిన కూలి, చెరువు తవ్వకుండా రాసిన కొలతలు, అన్నీ ప్రజావేదికలో బయటపడ్డాయి. దేశం మొత్తం ఇక్కడికొచ్చి ఆ పద్ధతి నేర్చుకుంది. ఆహార చట్టం 28వ సెక్షన్‌లో స్టోర్లకూ సామాజిక తనిఖీ చేయాలని ఉంది. మరి స్టోరు రిజిస్టరును అలా ఊరి ముందు చదివించిన గ్రామం మనలో ఏది? విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మీకు చదువు వచ్చు, ఫోన్లు ఉన్నాయి. మీ ఊరి స్టోరుకు ఎంత సరుకు వచ్చింది, ఎంతమందికి ఇచ్చారు అన్నది ఆన్‌లైన్‌లో ఉంటుంది. తీసి చదవండి. అరుగు మీద కూర్చున్న అవ్వకు చదివి చెప్పండి, నీ పేరు మీద ఇంత పోయిందట అవ్వా, నీకు అందిందా అని.

జనవరి 26న గ్రామసభలు ఉంటాయి. అప్పటికి మూడు నెలలు ఉంది. ఇక్కడున్న ప్రతి ఊరివాళ్ళు ఒక తీర్మానం తీసుకువెళ్ళండి. నాలుగు విషయాలు చాలు. రాగి, జొన్న, సజ్జ, కొర్ర, కంది మండలంలో కొనాలి, బియ్యానికి అదనంగా స్టోరులో ఇవ్వాలి. నీటి వసతి లేని మెట్టకు ఎకరాల పరిమితి తీసేయాలి. వేసవి సెలవుల్లో బడి భోజనం ఉండాలి. ఉపాధి కూలి 15 రోజులు దాటితే పరిహారం అడగకుండానే పడాలి. తీర్మానం పుస్తకంలో రాయించండి, నంబరు వేయించండి, నకలు తీసుకోండి. సర్పంచి సంతకం లేకుండా బయటికి రావొద్దు. ఆ నకళ్ళు ఒక వంద కలెక్టరు గారి టేబుల్ మీద ఉంటే, అవి అమరావతికి పోవాల్సిందే.

నమూనా తీర్మానం తెలుగులో టైపు చేయించి తెచ్చాను, గుమ్మం దగ్గర టేబుల్ మీద ఉంది. తలా ఒకటి కాకుండా ఊరికి రెండు తీసుకోండి, దూరం నుంచి వచ్చిన ఊళ్ళకు ముందు ఇవ్వండి. ఇప్పుడు మైకు మీకే. ఎడమ పక్కన అంగన్‌వాడీ అక్క చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, ముందు వారు మాట్లాడనివ్వండి. చెప్పండక్కా.